ఇప్పుడు నువ్వు చెప్పు

పెద్ద సిస్టర్ పోయింది. ఆ కబురు మా దవాఖానా వాట్సాప్ గ్రూపులో, పొద్దున డ్యూటీ మారే వేళకు, ఒక బొమ్మగా వచ్చింది. ఒక మూల దీపం, చుట్టూ బంతిపూలు, నడుమ ఆమె ఫోటో. ఆ ఫోటో ఎక్కడ సంపాదించారో గానీ, అందులో ఆమె నోరు మూసుకుని ఉంది. ఆమెతో పనిచేసిన కాలమంతటిలో నేను ఆమెను అట్లా చూడలేదు. కింద పెద్ద అక్షరాలతో ‘నిశ్శబ్ద సేవామూర్తికి అశ్రునివాళి’ అని రాసి ఉంది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు వచ్చి పడుతున్నాయి.

ఏడుపు రావలసిన చోట నాకు కోపం వచ్చింది. ఇది రాస్తున్న ఇప్పటికీ తగ్గలేదు. నిశ్శబ్దమట. ఆమె గొంతు మా గేటు దాటి, రోడ్డవతల టీ బండి దాకా వినపడేది. భద్రాచలం బస్సు కోసం నిలబడ్డవాళ్లకు కూడా లోపల ఏ వార్డులో ఏం జరుగుతోందో తెలిసిపోయేది. ఆ నోరు మూయించడానికి బతికుండగా మెమో ఇచ్చి చూశారు, బదిలీ అని బెదిరించి చూశారు. ఏదీ పనిచేయలేదు. పోయాక ఒక్క మాటతో పని కానిచ్చేశారు. మీలో చాలామంది ఆమెను ఎరగరు. ఎరగని మీకు ఆ బొమ్మలోని మనిషే ఆమె అని మిగిలిపోకూడదని ఇది రాస్తున్నాను.

పాల్వంచ నుంచి భద్రాచలం పోయే దారిలో ఉంటుంది మా సర్కారు దవాఖానా. ఊరి పేరు రాయను. రాస్తే అదొక్కటే అట్లాంటిదని మీరు అనుకుంటారు. ఒకవైపు నుంచి కంపెనీ క్వార్టర్లవాళ్లు, షిఫ్టు దిగి అదే బట్టలతో వచ్చేవాళ్లు. ఇంకోవైపు నుంచి అడవి లోపలి గూడేలవాళ్లు, ఆటోల్లో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని. నేను బోనకల్ దగ్గరి పల్లె నుంచి కాంట్రాక్టు స్టాఫ్ నర్సుగా అక్కడికి వచ్చాను. మొదటిరోజు హెడ్ నర్సు అంటే ఎట్లా ఉంటుందో అని వణుకుతూ నిలబడితే, ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఏం పిల్లా, తిన్నవా?" అన్నది. లేదన్నాను.

"తినకుంట వచ్చి కండ్లు తిరిగి పడితివనుకో, నీకొక మంచం ఎక్కడ తేవాలె నేను? పోయి తినిరా. పేరు తర్వాత అడుగుత."

ఆమె బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. దగ్గరికి వస్తోందంటే గొంతు ముందు వచ్చేది, లవంగం వాసన తరవాత వచ్చేది. ఆదివారం డ్యూటీ ఉంటే చర్చిలో పాట మధ్యలోనే లేచి వచ్చి, మిగతా సగం వార్డులో పాడుకునేది. శ్రుతి అనేది ఆమెకు పడలేదు. ఎవరైనా నవ్వితే, "దేవునికి శ్రుతితోని పనేంది, గట్టిగ వినపడాలె గంతే" అనేది. చిన్న డాక్టర్లను ‘బాబూ’ అని పిలిచేది, అదే నోటితో తిట్టేది. తొలి ఉద్యోగం అడవి లోపల సబ్ సెంటర్‌లో చేసింది. కోయ భాష అక్కడే పట్టుబడింది. ఎట్లా నేర్చుకున్నారని అడిగితే, "నేర్చుకోలే, తిట్లు పడ్డ. తిట్లు అర్థమైతే మిగిలింది అదే వస్తది" అని పెద్దగా నవ్వేది.

కరోనా వచ్చినప్పుడు మాస్కుల కరువు సంగతి అందరూ రాశారు. మాకు అంతకంటే ముందు మాటకు కరువొచ్చింది. ఏం తొడుక్కోవాలి, ఏది కాల్చేయాలి, ఎవరి దగ్గరికి ఎట్లా పోవాలి అనే కాగితాలు పైనుంచి రోజూ వచ్చేవి. వచ్చి పెద్ద డాక్టరు గదిలో ఆగిపోయేవి. అప్పుడు మా దవాఖానాకు ఇన్‌చార్జి ఆయనే. ఆయనను ‘ఆయన’ అని రాయడం దగ్గర నా మర్యాద ఆగిపోతుంది, అంతకుమించి ఆశించకండి. ఆఫీసర్ల ఫోను గ్రూపులో ఆయన ఉండేవాడు. రోగిని ఎత్తి కూర్చోబెట్టేవాళ్లం, పక్క గుడ్డలు మార్చేవాళ్లం, నేల తుడిచేవాళ్లం ఎవరమూ లేము. మాకు ఏం చేయాలో టీవీ చెప్పేది.

పెద్ద సిస్టర్ ఆ గది గడపలో నిలబడి, అడిగినదే అడిగి, తెలుసుకుని వచ్చి మాకు చెప్పేది. మొదట్లో అందరు పెద్దవాళ్లలాగే చెప్పేది. ఆమె మాట్లాడేది, మేము తలలూపేవాళ్లం. ఒకరోజు, "ముట్టుకున్నయన్ని బ్లీచింగ్ నీళ్లల్ల కడుగుండ్రి" అన్నది. మర్నాడు మా సఫాయి అక్క, ఊడ్చి తుడిచే పనిలో ఉన్న కోయ ఆమె, కళ్లు ఎర్రబడి మూతి చుట్టూ బొబ్బలతో వచ్చింది. తన మాస్కును బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి, పొద్దున పిండుకుని కట్టుకుందట. రోజంతా అన్నిటికంటే ఎక్కువసార్లు చెయ్యి పోయేది మాస్కు మీదికే కదా అని ఆమె లెక్క. ఒక చిన్న డాక్టరు నవ్వాడు. పెద్ద సిస్టర్ ఆయన వైపు చూస్తే నవ్వు సగంలో ఆగింది.

మూతికి మందు రాస్తూ ఆమెను అడిగింది: "నేను నీకేం చెప్పిన?"

"అన్ని బ్లీచింగ్ నీళ్లల్ల కడగమన్నవ్ సిస్టరమ్మా."

"అవ్. గట్లనే అన్న."

వెంటనే అందరినీ బయటికి పిలిచింది. "నిన్న నేను చెప్పింది తప్పు. ఈమె మంచిగనే విన్నది. నేనే సక్కగ చెప్పలే" అన్నది. అప్పటి నుంచి పద్ధతి మార్చింది. అదొక్కటీ తెలిస్తే మీకు ఆమె తెలిసినట్టే.

డ్యూటీ మారే వేళకు జనరేటర్ షెడ్డు ముందున్న సిమెంటు గద్దె ఎక్కేది. దిగిపోయేవాళ్లు, ఎక్కేవాళ్లు అందరం ఎడంగా నిలబడాలి, డాక్టర్లతో సహా. ముందు తెలిసింది చెప్పేది. ఏ వార్డులో ఎవరున్నారు, ఏ మంచం దగ్గరికి ఏం తొడుక్కుని పోవాలి, ఏ వస్తువు అయిపోయింది. తరవాత తెలియనిది చెప్పేది. "ఈ మాస్కు ఎంతసేపు పనిచేస్తదో నాకు తెల్వదు. అడిగిన. చెప్పెటోళ్లకు గూడ తెల్వదు. తెలిసేదాక గిట్ల చేద్దాం." అదంతా మళ్లీ కోయలో చెప్పేది. ఆ తర్వాత, ఆ పని చేతులతో చేయవలసిన మనిషిని చూపించి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అనేది. ఆ మనిషి విన్నదంతా తిరిగి చెప్పాలి. చెప్పేదాకా ఎవరూ కదలకూడదు. తప్పు చెప్తే ఆ మనిషిని పల్లెత్తు మాట అనేది కాదు. తానే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేది.

ఎండలో డాక్టర్లు కాళ్లు మార్చుకుంటూ నిలబడేవాళ్లు. నేల తుడిచే మనిషి మాట కోసం వాళ్లు ఆగి ఉండటం నేను అంతకు ముందు ఎక్కడా చూడలేదు. ఇదంతా టైం వేస్టు అని ఒకాయన గొణిగితే, "జబ్బొచ్చి పండుకునే టైం కన్న తక్కువనే బాబూ" అన్నది. ఇంతమందికి ఇన్ని చెప్తే భయపడతారని ఇంకొకాయన అన్నాడు. "భయపడనియ్యుండ్రి. భయమున్నోళ్లే చేతులు మంచిగ కడుగుతరు." నిజానికి ఆ గద్దె ముందు నిలబడ్డంతసేపే మాకు భయం కొంచెం తగ్గేది. తెలియదు అని ఒక పెద్దమనిషి నోరు తెరిచి చెప్పడంలో అంత ధైర్యం ఉంటుందని నాకు అక్కడే తెలిసింది.

సఫాయి అక్క వదిన, భర్తకు అక్క, మా ఆడవాళ్ల వార్డులో ఆయా. ఇద్దరిదీ ఒకే గూడెం, ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చేవాళ్లు. ఆయా మాట తక్కువ మనిషి. ముసలివాళ్లకు అన్నం తినిపించేటప్పుడు మాత్రం పసిపిల్లలను మురిపించినట్టు ఏదో ఒకటి చెబుతూ ఉండేది. ఎండాకాలం తునికిపండ్లు కొంగున కట్టుకొచ్చి మా టేబుల్ మీద పోసేది. గద్దె ముందు మొదట్లో ఆమెకు నోరు పెగిలేది కాదు. రాను రాను అందరికంటే బాగా ఆమే చెప్పేది. పెద్ద సిస్టర్ మురిసిపోయేది.

జబ్బు రెండోసారి విరుచుకుపడ్డ రోజుల్లో ఒక ముసలామె గుండెనొప్పి అని ఆడవాళ్ల వార్డులో చేరింది. ముక్కులోంచి నమూనా తీసి పంపారు. ఫలితం పొద్దున్నే పెద్ద డాక్టరు ఫోనుకు వచ్చింది. ఆమెకు కరోనా ఉంది. కానీ ఆ రోజు పైనుంచి ఒక ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడు. మామూలు వార్డులో కేసు బయటపడిందంటే వార్డు ఖాళీ చేయించాలి, సిబ్బంది గేటు దాటి పారిపోతారు, ఆఫీసరు ముందు పరువు పోతుంది. సాయంత్రం చూద్దాంలే అని ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇది నేను ఊహించి రాయడం లేదు, తర్వాత ఆయన నోటి నుంచే నేను విన్నది.

ఆ పొద్దున పెద్ద సిస్టర్ ఎప్పటిలాగే ఆయన గదిలో అడిగి, కొత్త కేసులేవీ లేవని విని వచ్చి గద్దె ఎక్కింది. "ఆడోళ్ల వార్డుల ఎవ్వరికి లేదు. మామూలు మాస్కు చాలు" అన్నది. కోయలో చెప్పింది. ఆయా వైపు చూసి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అన్నది. ఆయా గట్టిగా, తడబడకుండా చెప్పింది: "మా వార్డుల ఎవ్వరికి లేదు."

చెప్పి లోపలికి పోయింది. ఆ ముసలామె మూతి తుడిచింది, జావ తాగించింది, బట్టలు మార్చింది. ఆయాసం వచ్చినప్పుడు వెనక కూర్చుని తన గుండెకు ఆనించుకుని పట్టుకుంది. గట్టి మాస్కులు, తొడుగులు బీరువాలో ఉన్నాయి. వార్డులో ఎవరికీ లేదన్నాక అవి ఎందుకు తీస్తారు? మధ్యాహ్నం ఆఫీసరు వచ్చాడు, వార్డు గుమ్మం దగ్గర నుంచే చూశాడు, శుభ్రంగా ఉందన్నాడు, టీ తాగి వెళ్లిపోయాడు.

సాయంత్రం ముసలామె కొడుకు పెద్ద సిస్టర్‌ను వెతుక్కుంటూ వచ్చాడు. "మా అమ్మకు కరోనా అంట గద సిస్టర్? పంచాయతోళ్లు మా ఇంటి చుట్టు బ్లీచింగ్ చల్లి పోయిండ్రు. మధ్యాహ్నమే వచ్చిండ్రు" అన్నాడు. ముసలామె ఊరికి కబురు పోయింది, ఆమె పడుకున్న వార్డుకు పోలేదు.

పెద్ద సిస్టర్ అటు నుంచి అటే పెద్ద డాక్టరు గదికి నడిచింది. వెనకే నేను పోయాను.

"సార్, ఆడోళ్ల వార్డు ముసలామె రిపోర్టు ఎప్పుడొచ్చింది?"

"పొద్దున వచ్చింది. ఇన్‌స్పెక్షన్ అయిపోనియ్యి అని ఆగిన. ముందే చెప్తే ఒక్కళ్లన్న డ్యూటీల ఉంటరా సిస్టర్? అందరు గేటు దాటి పోతరు. వచ్చిన ఆఫీసర్ ముంగట పరువేం కావాలె?"

"పోతే పోతరు. పోయినోళ్లను బతిలాడి తెచ్చుకుంట. సచ్చినోళ్లను ఎక్కడికెల్లి తెచ్చుకోవాలె?"

"పానిక్ చేయకు."

"నా నోటితోని అబద్ధం చెప్పిచ్చిండ్రు సార్. ఆమె నోటితోని గూడ చెప్పిచ్చిండ్రు."

ఆమె బయటికి వచ్చి, చేతికందిన స్టీలు ట్రేతో జనరేటర్ షెడ్డు రేకును బాదింది. అందరం పరిగెత్తుకొచ్చాం. గద్దె ఎక్కి, "పొద్దున నేను చెప్పింది అబద్ధం. నాకు తెల్వక చెప్పిన. తెలిసినోళ్లు నాకు చెప్పలే" అని మొదలుపెట్టి, ఏం జరిగిందో, ఎవరు ఎవరికి దూరంగా ఉండాలో చెప్పింది. కోయలో చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గింది. ఆయా తన అరచేతులు చూసుకుంటూ వింది. ఈసారి పెద్ద సిస్టర్ వేలు చూపించలేదు. ఆయాయే తనంతట తాను కోయలో ఏదో అన్నది. సఫాయి అక్క ఏడుస్తూ మాకు తెలుగులో చెప్పింది: "నాకు గూడ వచ్చిందేమో అంటున్నది. ఇంటికి పోను, పిల్లలను ముట్టుకోను అంటున్నది."

ఆ సాయంత్రం ఒక్కరూ గేటు దాటలేదు. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎక్కడా రాసుకోలేదు.

ఆయా బతకలేదు. తాను రోజూ దుప్పటి మార్చిన మంచాల్లో ఒకదాని మీద పోయింది. చివరిదాకా పెద్ద సిస్టరే దగ్గరుండి చూసుకుంది. ఆమెకూ జబ్బు వచ్చింది. లేచింది గానీ, ఊపిరితిత్తులు గట్టిపడ్డాయన్నారు. లేచి వచ్చేసరికి మెమో ఎదురుచూస్తోంది. సిబ్బందిలో భయాందోళనలు కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వమని. ఆమె రాసిన జవాబు మా దవాఖానాలో అందరికీ నోటికి వచ్చు: ‘కలిగించాను. ఆ పొద్దున్నే కలిగించవలసింది.’

తర్వాత కూడా గద్దె ఎక్కింది. ఒక వాక్యం చెప్పి ఊపిరి కోసం ఆగేది. టీ బండి దాకా పోయే గొంతు మా ముందు వరస దాకా రావడం కష్టమైంది. మేము కదలకుండా నిలబడేవాళ్లం. రిటైరయ్యే రోజు వరకు మానలేదు.

రిటైరయ్యాక పాల్వంచలో చెల్లెలి ఇంటి పక్కనే కిరాయికి ఉండేది. ఊపిరి అందని మనిషి ఇంటిపట్టున కూర్చోవాలి కదా. కూర్చోలేదు. ఆయా డ్యూటీలో పోయినట్టు సర్కారు రాయలేదు. ఎందుకంటే తనిఖీ కాగితాల ప్రకారం ఆ రోజు ఆడవాళ్ల వార్డులో ఆ జబ్బే లేదు. ఆయా జబ్బును గూడెంలో తెచ్చుకుందని తేల్చారు. ఆ గూడెంలో అంతకు ముందు ఎవరికీ దగ్గు కూడా లేదు. ఆ ఒక్క వాక్యం మార్పించడానికి పెద్ద సిస్టర్ సఫాయి అక్కను వెంటేసుకుని బస్సెక్కి భద్రాచలం పోయేది, ఖమ్మం పోయేది. ఆఫీసు మెట్ల మీద సగంలో కూర్చుని, ఊపిరి కూడదీసుకుని, మళ్లీ ఎక్కేది. చూస్తాం అనేవాళ్లు. నేనొకసారి ఇంటికి పోయి, ఇంక వదిలేయండి సిస్టర్, మీ ఒంటికి మంచిది కాదు అన్నాను. లవంగం ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది.

"ఎవ్వరికి లేదు అన్న మాట ఆమె నోట్ల పెట్టింది నేను. ఆ మాట తియ్యకుంట నేనెట్ల పోత పిల్లా?"

తీయకుండానే పోయింది. చర్చి వెనక సమాధుల తోటలో మట్టి వేసి వచ్చాము.

తర్వాత దవాఖానా హాల్లో సంస్మరణ సభ పెట్టారు. వేదిక వెనక ఫ్లెక్సీ, అదే నోరు మూసుకున్న ఫోటో, అదే నిశ్శబ్ద సేవామూర్తి. ఇప్పుడు ఇంకా పెద్ద కుర్చీకి ఎక్కిన మా పాత పెద్ద డాక్టరు కారులో వచ్చాడు. మైకు పట్టుకుని, "ఆమె ఏనాడూ ఎవరికీ ఎదురు చెప్పలేదు. చిరునవ్వుతో, చప్పుడు లేకుండా తన పని తాను చేసుకుపోయింది" అన్నాడు. నా పళ్లు నేనే కొరుక్కున్నాను. లేచి ఏదో ఒకటి అనేదాన్నే. నాకంటే ముందు వెనక వరసలోంచి సఫాయి అక్క లేచింది.

నడుచుకుంటూ వేదిక ఎక్కింది. పెద్ద సిస్టర్‌కు కావలసిన మనిషి, రెండు మాటలు చెప్పి ఏడుస్తుందనుకున్నాడేమో, ఆయనే మైకు చేతికిచ్చాడు. ఆమె ఏడవలేదు. గద్దె ముందు నిలబడినట్టు నిలబడింది.

"తెలిసింది చెప్తున్న" అన్నది. హాల్లో పాతవాళ్లందరం లేచి నిలబడ్డాం. ఎవరూ చెప్పలేదు, కాళ్లకు అలవాటు. "ఆడోళ్ల వార్డుల ముసలామెకు కరోనా ఉన్నదని పొద్దున ఫోన్ వచ్చింది. ఎవ్వరికి చెప్పలే. మా వదిన మామూలు మాస్కు కట్టుకోని లోపటికి పోయింది. ముసలామెను ఎత్తుకోని కూసున్నది. ఆ జబ్బుతోనే సచ్చిపోయింది. సిస్టరమ్మకు గూడ అక్కడనే వచ్చింది."

అదంతా మళ్లీ కోయలో చెప్పింది. అప్పటికి కొత్తగా చేరిన పిల్ల డాక్టర్లు కూడా ఎందుకో తెలియకుండానే లేచి నిలబడ్డారు.

"తెల్వంది చెప్తున్న. పొద్దున తెలిసింది సాయంత్రం దాక ఎందుకు చెప్పలే, అది తెల్వదు. సిస్టరమ్మ శాన తిరిగి అడిగింది. ఆమెకు గూడ చెప్పలే."

ఆమె మైకును రెండు చేతులతో పట్టుకుని ఆయన నోటి ముందు పెట్టింది.

"ఇప్పుడు మీరు చెప్పుండ్రి సార్."

ఆయన ఒకసారి గుమ్మం వైపు చూశాడు. గుమ్మం దాకా మనుషులు నిలబడి ఉన్నారు. చెప్పేదాకా ఎవరూ కదలకూడదన్నది మా దవాఖానా పద్ధతి. మైకులోంచి హాలంతా ఆయన ఊపిరి ఒక్కటే వినపడుతోంది. సఫాయి అక్క చేతులు దించలేదు.